మార్చినా నాలుగు మిస్సింగే

ఏడో నంబరు బండ్లు రెండున్నాయి. నాలుగో నంబరు బండి లేదు.

సర్వేయరమ్మ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. షెడ్డు ముందు వరసగా నిలబెట్టిన నాలుగు చక్రాల క్వాడ్ బైకుల్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఇంకోసారి చూసుకుంటూ నడిచింది. ఒకటి, రెండు, మూడు, ఏడు, ఐదు, ఆరు, ఏడు. కళ్ళజోడు తప్పేమీ లేదు.

"చూశారా? నేను నిన్న చెప్పిందే మీరివాళ కనిపెట్టారు. ఫీజు మాత్రం మీకొస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని.

పదిహేనేళ్ళు బీమా కంపెనీలో గుద్దుకున్న బండ్లను పరీక్షించే సర్వేయరుగా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నా జనం ఆమెను సర్వేయరమ్మ అనడం మానలేదు. ఆమెను చూస్తే ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళుమంట. ఆయన్ను చూస్తే ఆమెకూ అంతే.

జరిగింది చిన్న విషయమేమీ కాదు. ఈ రైడింగ్ పార్కులో క్వాడ్‌లనూ, యజమాని పాత కారునూ కంటికి రెప్పలా చూసుకునే మేస్త్రి నిన్న మధ్యాహ్నం షెడ్డులో తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే వీల్ స్పానర్. దానిమీద మేస్త్రి అల్లుడి వేలిముద్రలు. మామా అల్లుళ్ళిద్దరికీ ఇక్కడే పని. నాలుగో నంబరు క్వాడ్‌ని అల్లుడు అమ్మేసుకున్నాడనీ, మామ పట్టుకుంటే కొట్టాడనీ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ఈ సాయంత్రం కోర్టుకు తీసుకెళ్తే కుర్రాడు మళ్ళీ ఇంటిముఖం ఎప్పుడు చూస్తాడో ఎవరికీ తెలియదు. ఆస్పత్రిలో స్పృహలేని తండ్రి, లాకప్పులో మొగుడు. రాత్రి ఫోన్ చేసిన మేస్త్రి కూతురికి ఏడవడానికి కూడా ఎటు తిరగాలో తెలియలేదు.

"ఆ పోస్ట్‌మాన్ కేసు ఎంతవరకు వచ్చింది?" అంది సర్వేయరమ్మ, బండ్లమీద నుంచి చూపు తిప్పకుండా.

ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుంది. ఆనకట్ట రోడ్డులో సైకిల్ మీద ఎడమ పక్కన పోతున్న పోస్ట్‌మాన్‌ను ఏదో కారు గుద్ది చంపి, ఆగకుండా పోయింది. మూడు వారాలైంది. ఆ కారు ఇంతవరకు దొరకలేదు.

"దాని సంగతి నేను చూసుకుంటాను. మీరు అందులో కూడా వేలు పెట్టకండి."

"వేలు పెట్టేదాకా కదలరుగా మీరు."

"అమ్మా సర్వేయరమ్మగారూ, మీరు అడిగారు కాబట్టి ముద్దాయిని ఇక్కడికి తెచ్చాను. అడగాల్సింది అడిగి దయచేయండి. నాకు బోలెడు పనుంది."

అల్లుడు షెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతులకు సంకెళ్ళు. పక్కన రిటైరవడానికి దగ్గరపడిన కానిస్టేబుల్, తన కాళ్ళు తనవి కానట్టు బార్లా చాపుకుని.

"అల్లుడూ," అంది ఆమె, అతని ఎదురుగా టైరు మీద కూర్చుంటూ. "నీ పెళ్ళాం నన్ను పిలిపించింది. నాకు అబద్ధం చెబితే ఆవిడకు చెప్పినట్టే. ఏడో నంబరు రెండెందుకున్నాయి?"

అల్లుడు ఆ స్థితిలోనూ నవ్వబోయాడు. "ఏడు కోసం కొట్టుకుంటారు మేడమ్. అదృష్టం నంబరంట. నాలుగు ఇస్తానంటే 'వద్దు, ఏడు ఖాళీ అయ్యేదాకా ఆగుతాం' అంటారు. మొన్న ఎవడో నాలుగోదాన్ని చెట్టుకు కొట్టి ముందు డొప్ప పగలగొట్టాడు. ఎలాగూ కొత్తది వెయ్యాలిగా, దానిమీదా ఏడే రాయించమన్నారు మా ఓనరు."

"అంటే ఇది నాలుగు?"

"వరసలో నాలుగోది. సీటెత్తి చూడండి. లోపల మామయ్య రాసిన నంబరు అలాగే ఉంటుంది."

ఆమె లేచి వెళ్ళి ఆ బండి సీటు ఎత్తింది. సీటు కింద తెల్లరంగుతో, వంకరగా, స్పష్టంగా 4. డొప్ప బిగించిన బోల్టులు కొత్తగా మెరుస్తున్నాయి. మిగతావన్నీ మట్టికొట్టుకుపోయిన బోల్టులు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీరు నంబర్లు లెక్కపెట్టారు. బండ్లు లెక్కపెట్టలేదు. ఏడు బండ్లు ఉండాలి, ఏడూ ఉన్నాయి. పోయిందేమీ లేదు."

కానిస్టేబుల్‌కు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ మాత్రం తొణకలేదు. "ఎనిమిదోది ఉండేదేమో. ఓనరు విదేశాల్లో ఉన్నాడు, వచ్చాక తేలుతుంది."

"సరే. నిన్న మధ్యాహ్నం నువ్వెక్కడున్నావు?" అల్లుడి వైపు తిరిగిందామె.

"నీళ్ళట్యాంకు వెనకాల. ఎయిర్ ఫిల్టర్లు కడుగుతున్నాను. ఈ దుమ్ములో వారానికోసారి కడక్కపోతే ఇంజన్లు ఆయాసపడతాయి మేడమ్. అవి స్పాంజి. బట్టలు పిండినట్టు మెలితిప్పకూడదు, చిరిగిపోతాయి. రెండు అరచేతుల మధ్యా మెల్లగా నొక్కాలి. ఏడూ కడిగి తీగమీద ఆరేసి, ఫిల్టర్ నూనె అయిపోతే మామయ్యను అడుగుదామని వచ్చాను. వచ్చేసరికి..." షెడ్డు గుమ్మం వైపు చూశాడు. "స్పానర్ ఆయన చెయ్యి మీద అడ్డంగా ఉంది. తీసి పక్కన పెట్టాను. అదే నా పాపం."

సర్వేయరమ్మ ట్యాంకు వెనక్కి వెళ్ళి చూసింది. తీగమీద ఏడు స్పాంజి ఫిల్టర్లు క్లిప్పులు పెట్టుకుని బుద్ధిగా వేలాడుతున్నాయి. వెనక్కి వచ్చి, ప్రతి క్వాడ్‌కూ ఫిల్టర్ పెట్టె మూత తీసింది. ఏడూ ఖాళీ.

"నిన్నటి నుంచి ఫిల్టర్లు తీగమీద ఉన్నాయి. ఎనిమిదో బండి నిన్న పోయుంటే, ఎనిమిదో ఫిల్టర్ దిక్కులేకుండా తీగమీద మిగలాలిగా?"

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మరి మేస్త్రి నోటితో చెప్పిందేమిటో మీరే చెప్పండి. దెబ్బ తినేముందు కూతురికి ఫోన్లో మెసేజ్ పెట్టాడు. నంబరు మార్చినా నాలుగో నంబరు బండి మిస్సింగ్ అని. నేను కల్పించింది కాదు. ఆ అమ్మాయే వినిపించింది."

సర్వేయరమ్మకు అక్కడే కాలు ఇరుక్కుంది. నాలుగో బండి కళ్ళెదురుగా ఉంది. దాని డొప్ప మార్చింది మేస్త్రే. ఎక్కడుందో ఆయనకు తెలుసు. తన చేత్తో నంబరు మార్చిన బండి పోయిందని ఆయనే ఎందుకంటాడు? తల మీద దెబ్బ పడకముందే మతి పోయిందా?

"లోపల చూడొచ్చా?"

"చూడండి. నాకూ అంతే కొత్త. నిన్న సాయంత్రం పిలిస్తేనే కదా మొదటిసారి ఈ కొంపలో అడుగుపెట్టాను."

షెడ్డు లోపల చీకటి. ఆమె గోడంతా తడిమింది. స్విచ్ దొరకలేదు. కానిస్టేబుల్ కూడా తలుపు పక్కా, అటకకిందా వెతికి, "నిన్న సాయంత్రమూ ఇదే బాధ, టార్చిలతోనే చూశాం" అని గొణుక్కున్నాడు. ఇన్‌స్పెక్టర్ విసుగ్గా ముందుకొచ్చి, పాత టైర్ల దొంతర వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. దీపం వెలిగింది.

మేస్త్రి చోటు అది. ఏ పనిముట్టు ఎక్కడుండాలో గోడమీద దాని బొమ్మ గీసి ఉంది. వీల్ స్పానర్ బొమ్మ ఒక్కటే ఖాళీ. దాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. మధ్యలో యజమాని పాత పెద్దకారు, బానెట్ మూసి, దుప్పటి కప్పి ఉంది. దాని పక్కన ఇంకో కారు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ నేల మీద నూనె చుక్కలు.

చుక్కల్ని వేలితో ముట్టింది. ఇంకా ఆరలేదు. పెద్దకారు కింద వంగి చూసింది. అక్కడ నేల పొడిగా ఉంది.

"ఈ నూనె దేనిది?"

"షెడ్డులో నూనెకు కూడా చిరునామా కావాలా మీకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళడమే ఆలస్యం, వెనక కిటికీలోంచి ఒక తలకాయ లోపలికి వచ్చింది. ఆనుకునే ఉన్న క్యాంటీన్ నడిపే ఆవిడ.

"అక్కా, నువ్వేనా డిటెక్టివ్‌వి? ఇవాళ నేనొచ్చేసరికే మీరంతా వచ్చేశారు. నన్నెవరూ ఏమీ అడగట్లేదేంటి? టీలు తాగుతారు, పోతారు. నాకు చెవులు లేవనుకున్నారా?"

"అడుగుతున్నాను తల్లీ. నిన్న మధ్యాహ్నం ఏం విన్నావు?"

"మధ్యాహ్నం గిన్నెలు తోముతున్నాను. షెడ్డులోంచి కారొకటి బయటికెళ్ళింది. ఆ తర్వాత కాసేపటికి మేస్త్రి అల్లుడు అరిచాడు."

"కారా? క్వాడ్ కాదా?"

"క్వాడ్ చప్పుడు నాకు తెలీదా? పొద్దస్తమానం నా నెత్తిన తిరుగుతుంటాయి. అది కారే. కానీ అదోమాదిరి చప్పుడు. నత్తివాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. మూడు మాటలు గబగబా చెప్పడం, నాలుగోది మింగెయ్యడం. మళ్ళీ మూడు చెప్పడం, ఒకటి మింగడం."

"చూశావా ఆ కారుని?"

"తోముతున్నదాన్ని ఎలా చూస్తాను? మొహం గిన్నెలో ఉంది. చెవులే ఖాళీగా ఉన్నాయి."

మూడు చెప్పి నాలుగోది మింగడం. సర్వేయరమ్మకు ఎక్కడో ఏదో తగిలింది, దొరక్కుండా జారిపోయింది. బయటికి వచ్చి ఆస్పత్రిలో ఉన్న మేస్త్రి కూతురికి ఫోన్ చేసింది.

"అమ్మాయీ, నాన్నగారి మెసేజ్ ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ మాటల్లో కాదు, ఆయన మాటల్లో. ఒక్క అక్షరం కూడా కలపకు."

"వినిపిస్తాను పిన్నిగారూ, ఉండండి."

మేస్త్రి గొంతు వచ్చింది. బొంగురుగా, తీరిగ్గా, తల పగలబోతోందన్న ఊహైనా లేని మనిషి గొంతు. "అమ్మా, అన్నం మీరు తినేయండి. నేను రావడం ఆలస్యమవుతుంది. మార్చినా నాలుగు మిస్సింగే." అంతే.

సర్వేయరమ్మ ఇంకోసారి వినిపించమంది. నంబరు అన్న మాట లేదు. బండి అన్న మాట లేదు. ఆ రెండూ ఇన్‌స్పెక్టర్ కలిపినవి. ఉప్పుతో పాటు కూర కూడా ఆయనే వండి వడ్డించాడు.

"అయ్యో నా మతిమండా!" అంది పైకే. "పదిహేనేళ్ళు మెకానిక్కుల మధ్య బతికి..."

"ఏమైంది మేడమ్?" అన్నాడు అల్లుడు.

"మీ మామయ్య మిస్సింగ్ అన్నది పోయిందని కాదు బాబూ. ఇంజన్ మిస్సింగ్! సిలిండర్ కొట్టట్లేదని! నాలుగు సిలిండర్లలో నాలుగోది మంట పట్టట్లేదు. మూడు కొడతాయి, ఒకటి మింగేస్తుంది."

అల్లుడు నోరు తెరిచాడు. "నాకు మెసేజ్ ఎవరూ వినిపించలేదు మేడమ్. మీ మామ బండి పోయిందన్నాడు, ఏమంటావని అడిగారు. నేనేమంటాను?"

"క్వాడ్‌కి ఎన్ని సిలిండర్లు?"

"ఒక్కటే. నాలుగున్నది మా ఓనరు పెద్దకారుకే."

ఆమె అప్పటికే దుప్పటి లాగేసింది. డిప్‌స్టిక్ లాగి చూసింది. నూనె నిండుగా ఉంది, తేనెరంగులో ఉంది. తాళంచెవి డాష్‌బోర్డులోనే ఉంది. చోక్ లాగి తిప్పితే పెద్దకారు ముసలాయనలా రెండుసార్లు గొంతు సవరించుకుని, లేచింది. చోక్ మెల్లగా నెట్టేసి, బానెట్ ఎత్తి, చెవి పెట్టి వింది.

నున్నగా తిరుగుతోంది. ఒక్క దరువూ తప్పట్లేదు.

అయినా వదల్లేదు. దళసరి రబ్బరు తొడుగు వేసుకుని, సిలిండర్లలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల మీది తీగల్ని ఒక్కొక్కటే లాగి చూసింది. కొట్టని సిలిండర్ తీగ లాగితే ఇంజన్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొట్టేదాని తీగ లాగితే తడబడుతుంది. మొదటిది లాగింది, తడబడింది. రెండోది, మూడోది, అంతే. నాలుగోది లాగింది.

"అక్కా! అదే! నిన్నటి చప్పుడు అదే!" కిటికీలోంచి అరిచింది క్యాంటీన్ ఆవిడ.

మూడు దరువులు, ఒక ఖాళీ. మూడు దరువులు, ఒక ఖాళీ.

ఆమె తీగ మళ్ళీ తగిలించింది. నాలుగు దరువులూ వచ్చాయి. అంటే ఈ కారులో నాలుగు సిలిండర్లూ భేషుగ్గా ఉన్నాయి. నిన్న ఇది మిస్సింగ్ కొట్టి, రాత్రికి రాత్రి దానంతట అదే బాగుపడలేదు కదా. బాగుచేసే మనిషి ఆస్పత్రిలో ఉన్నాడు. దానిమీద దుమ్ము చూస్తే నెల నుంచి షెడ్డు దాటినట్టే లేదు. ఇంజన్ ఆపేసి, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. దొరికిన ముక్కలన్నీ నిజాలే. ఒక్కటీ ఇంకోదానికి అతకదు.

"కారు షికారా?" ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ తిరిగొచ్చాడు. "బాగుందమ్మా. నేనేదో విచారణ అనుకున్నాను."

ఆమె వినిపించుకోలేదు. మేస్త్రి పనిబల్ల మీద గుడ్డ కింద ఎత్తుగా ఏదో ఉంది. గుడ్డ తీసింది. చెక్కముక్క. దానికి వరసగా నాలుగు రంధ్రాలు, ఒక్కోదాని కింద సుద్దతో అంకె.

"అది మామయ్య చెక్క మేడమ్," అన్నాడు అల్లుడు. "కారు ప్లగ్గులు తీస్తే, ఏ సిలిండర్‌ది ఆ రంధ్రంలో నిలబెడతాడు. కలిసిపోకూడదంటాడు. ప్లగ్గు మొహం చూస్తే సిలిండర్ కడుపులో ఏముందో తెలుస్తుందంటాడు."

ఒకటి, రెండు, మూడు ఖాళీ. నాలుగో రంధ్రంలో ప్లగ్గు ఉంది. ఆమె దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళింది. కొస తడిగా, నల్లగా, పెట్రోలు వాసనేస్తోంది. మంట పట్టని సిలిండర్‌లోంచి తీసిన ప్లగ్గు అలాగే ఉంటుంది. తెల్లటి పింగాణీకి ఒక పక్క నిలువునా పగులు. బల్లకింద కొత్త ప్లగ్గు తాలూకు ఖాళీ డబ్బీ.

మార్చినా నాలుగు మిస్సింగే. ప్లగ్గు మార్చాడు. అయినా కొట్టలేదు. అంటే తీగ కూడా నలిగి ఉంటుంది. దాన్ని చూసేలోపే ఎవరో ఆయన తల చూశారు.

పెద్దకారు ప్లగ్గు ఒకటి విప్పి పక్కన పెట్టింది. పెద్దకారు ప్లగ్గుకు మరలున్న భాగం పొట్టిగా ఉంది. చెక్కలోది పొడుగు. వరస చివరి క్వాడ్ ప్లగ్గు విప్పి చూసింది. అది మరీ సన్నం.

"ఈ ప్లగ్గు ఇక్కడున్న ఏ బండిదీ కాదు," అంది మెల్లగా. "నిన్న ఇక్కడ ఇంకో కారుంది. అల్లుడూ, బయటి బండ్లు చేస్తాడా మీ మామయ్య?"

"ఓనరు ఒప్పుకోడు మేడమ్. కాకపోతే పెద్దవాళ్ళెవరైనా మొహమాటపెడితే..."

"మొహమాటాలూ ప్లగ్గులూ తర్వాత," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతు మొదటిసారి కాస్త బిరుసెక్కింది. "అదిటివ్వండి. సాక్ష్యం."

"ఇందాకటిదాకా షికారుగా. ఇప్పుడు సాక్ష్యమైందా?"

"సర్వేయరమ్మగారూ! మీకు మర్యాదగా చెబుతున్నాను. స్పానర్ మీద వీడి వేళ్ళున్నాయి. నాకది చాలు. పాత ప్లగ్గు పట్టుకుని జడ్జిగారి ముందు నిలబడితే మిమ్మల్ని మెకానిక్ షెడ్డుకి పంపిస్తారు."

"పగులు చూశారా? ఇలా నిలువునా పగలాలంటే పక్కనుంచి గట్టిగా ఏదైనా తగలాలి."

"స్పానర్ జారి ఉంటుంది."

"జారితే పైన పగులుతుంది. ఇది..." ఆమె ఆగింది. ఇలాంటి పగులు ఎక్కడో చూసింది. సర్వేలు చేసే రోజుల్లో. ఏ బండిలో? జ్ఞాపకం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. మేస్త్రి కూతురు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "పిన్నిగారూ! నాన్న కళ్ళు తెరిచాడు! నన్ను పోల్చుకున్నాడు! గంటలో మాట్లాడతాడని డాక్టరుగారు చెప్పారు!"

అల్లుడు సంకెళ్ళతోనే మొహం కప్పుకున్నాడు. సర్వేయరమ్మ ఫోన్ పెట్టేసి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. అంతసేపు తిన్న ఎత్తిపొడుపులన్నిటికీ వడ్డీతో సహా తీర్చుకునే అవకాశం. మనిషన్నాక ఆగడం కష్టం.

"విన్నారా? మేస్త్రి లేచాడు. ఇంకో గంటలో ఆయనే చెబుతాడు ఎవరు కొట్టారో. మీ స్పానరూ అక్కర్లేదు, నా ప్లగ్గూ అక్కర్లేదు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో ఏదో మారింది. కానీ వెంటనే చిరునవ్వు వచ్చింది. ఆ షెడ్డులో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"మంచి వార్త. మరి వాంగ్మూలం తీసుకోవాలిగా, నేను వెళ్తాను. ఆ ప్లగ్గు మీరే ఉంచుకోండి. ఓయ్, నువ్వు ముద్దాయిని చూస్తూ ఇక్కడే ఉండు, స్టేషన్ నుంచి మనుషుల్ని పంపిస్తాను."

గబగబా క్యాంటీన్ వెనక్కి నడిచాడు. అక్కడ నీడలో పెట్టిన కారు తలుపు పడిన చప్పుడైంది. ఐదు నిమిషాలైనా కారు కదల్లేదు.

ఆమె ప్లగ్గును చేతిలో తిప్పుకుంటూ ఆలోచిస్తోంది. ఇంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడీయన?

కారు స్టార్టయింది.

మూడు దరువులు. ఒక ఖాళీ. మూడు దరువులు. ఒక ఖాళీ.

క్యాంటీన్‌లోంచి గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది ఆవిడ. "అక్కా! అది! అదే!"

బూడిదరంగు పాత కారు క్యాంటీన్ మూల తిరిగి గేటు వైపు పోతోంది. పోలీసు జీపు కాదు, ఇన్‌స్పెక్టర్ సొంత కారు. తిరిగేటప్పుడు దాని ముందుభాగం ఒక్క క్షణం కనిపించింది. సర్వేయరు కన్నుకు ఒక్క క్షణం చాలు. కుడి లైటు ఎండకు పచ్చబారిపోయి ఉంది. ఎడమ లైటు నిన్న కొన్నట్టు తళతళలాడుతోంది.

జ్ఞాపకం అప్పుడు జారిపోలేదు. చేతికి దొరికింది. ఇంజన్ అడ్డంగా ఉండే చిన్నకార్లు. ప్లగ్గులు నాలుగూ ముందువైపే, గ్రిల్‌కి జానెడు దూరంలో ఉంటాయి. ఎడమ మూల గుద్దుకుంటే నలిగేది ఆ చివరిదే. నాలుగోదే. రోడ్డుకు ఎడమ పక్కన సైకిల్ మీద పోతున్న పోస్ట్‌మాన్. మూడు వారాలు దొరకని కారు. దాన్ని వెతికే మనిషే దాన్ని నడుపుతుంటే ఎలా దొరుకుతుంది? లైటు మార్చాడు, బంపర్ సాపు చేయించాడు. ఇంజన్ మాత్రం నత్తి మానలేదు. దాన్ని మాన్పించడానికి తెస్తే మేస్త్రి ప్లగ్గు తీసి చూశాడు. "ఏం గుద్దారు సార్?" అని అడిగే ఉంటాడు, పాపం, మామూలుగానే. నిన్న టార్చితో వెతికిన మనిషికి టైర్ల వెనక స్విచ్ ఎలా తెలిసింది? మేస్త్రి పక్కన నిలబడి చూశాడు కాబట్టి.

"పొద్దున ఆ కారులోనే వచ్చారా ఆయన?" అంది కానిస్టేబుల్‌తో.

"అవునమ్మా. జీపు రిపేరులో ఉందని. నన్నూ కుర్రాణ్ణీ ఆటోలో రమ్మన్నారు. ఈమధ్య ఆ కారుకు ఇదే నత్తి." ముసలాయన మొహం పాలిపోయింది. "గోడకి తగిలిందన్నారు. పోయిన నెలలో."

ఆమె వెంటనే మేస్త్రి కూతురికి ఫోన్ చేసింది. "అమ్మాయీ, విను. నాన్నగారి గది తలుపు వేసెయ్. ఎవర్నీ రానివ్వకు. పోలీసులైనా సరే. ముఖ్యంగా పోలీసులే!"

వెనక ఏదో ట్రాఫిక్ చప్పుడు. "నేను గదిలో లేను పిన్నిగారూ. ఇప్పుడే ఇన్‌స్పెక్టర్‌గారు ఫోన్ చేశారు. మా ఆయన్ని వదిలేస్తున్నారట, సంతకం పెట్టాలి, వెంటనే స్టేషన్‌కి రమ్మన్నారు. ఆస్పత్రి ముందే బస్సు దొరికింది, ఎక్కాను. నాన్న దగ్గర తాను ఉంటానన్నారు. మంచివాళ్ళే పాపం, మనమే..."

"దిగు! బస్సు దిగు! వెనక్కి పరుగెత్తు! ముందు డాక్టరుకి ఫోన్ చేసి గదిలో ఉండమను!"

లైను గరగరలాడి తెగిపోయింది. మళ్ళీ చేసింది. కలవలేదు.

ఆమె కారు మూడురోజులుగా ఇంటిముందు అలిగి కూర్చుంది. తనే పెద్దకారు ప్లగ్గు విప్పి బల్లమీద పెట్టింది. దాన్ని బిగించే వ్యవధి లేదు.

"మీ క్వాడ్‌లు తిరిగే కొండమీది ట్రాకు అవతల ఎక్కడ దిగుతుంది?" అంది అల్లుడితో.

"ఆస్పత్రి వెనక గోడ దగ్గర. రోడ్డు కొండ చుట్టూ తిరిగి పోతుంది. మనం అడ్డంగా పోతే..." అతని చూపు సంకెళ్ళ మీద పడింది.

ఇద్దరూ కానిస్టేబుల్ వైపు చూశారు.

ముసలాయన జేబులోంచి తాళంచెవి తీసి, సంకెళ్ళు విప్పాడు. "మా నాన్న కూడా పోస్ట్‌మానేనమ్మా," అన్నాడు. "మీరు పోండి. నేను పెద్ద స్టేషన్‌కి ఫోన్ చేస్తా. నమ్మేవాళ్ళు దొరికేదాకా చేస్తా."

అల్లుడు అప్పటికే వరసలో నాలుగో బండి ఎక్కాడు. పెట్రోల్ ట్యాప్ తిప్పి, చోక్ లాగి, ఒక్క క్షణం ఆగిపోయాడు.

"ఏంటి?"

"ఫిల్టర్ లేదు మేడమ్. తీగమీదుంది. ఈ దుమ్మంతా నేరుగా ఇంజన్లోకి పోతుంది. మామయ్యకు తెలిస్తే నన్ను చంపేస్తాడు."

సర్వేయరమ్మ అతని వెనక ఎక్కి కూర్చుని, పగిలిన ప్లగ్గును గుప్పిట్లో బిగించింది.

"నిన్ను చంపాలంటే ముందు ఆయన బతకాలి. పోనియ్!"

పోలీసు కాగితాల్లో దొంగతనమైపోయిన నాలుగో నంబరు బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఉన్నదొక్కటే సిలిండర్. ఒక్క దరువూ తప్పలేదు.